గడప ఇవతలి గ్రీకయ్య

మొన్న మనవరాలి పెళ్లిలో నా చెప్పులు పోయాయి. కళ్లున్న దొంగ వాటిని ముట్టుకోడు. అరిగిపోయి, కుట్లు పడి, ఒకదాని పట్టీ ఒక రంగు, రెండోదాని పట్టీ ఇంకో రంగు. "పోతే పోయాయిలే తాతా, శని వదిలింది" అన్నారు పిల్లలు. శని వదిలేదైతే నాకు ఎప్పుడో వదలాలి, ఎందుకంటే చెప్పులు పోగొట్టుకోవడం నాకిది రెండోసారి. మొదటిసారి పోయింది ఒక చర్చి గుమ్మం ముందు, గ్రీకయ్యను సాగనంపిన రోజున. కల్యాణమండపం మెట్ల మీద ఆ చెప్పుల గుట్ట ముందు కూచుని, భోజనానికి పిలుస్తున్నా లేవకుండా ఆయన్నే తలచుకున్నాను. ఎండదెబ్బ తగిలిందేమోనని మా కోడలు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఆయన అసలు పేరు రాయను. రాసినా ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన గ్రీకయ్య.

కర్నూలుకూ కడపకూ నడుమ కుందేరు పక్కన ఒక చిన్న ఊరు. అక్కడి మిషను హైస్కూల్లో నేను తెలుగు పండితుణ్ణి. అదే కాంపౌండులో, పల్లెలు తిరిగి బోధ చెప్పే ఉపదేశులను తయారుచేసే బడి ఒకటి ఉండేది. అందులో ఆయన గ్రీకు చెప్పేవాడు. కర్నూలు రాజధాని అయిందని జనం గొప్పగా చెప్పుకునే రోజులవి. మాకు మాత్రం బావిలో నీళ్లు ఊరితే అదే పెద్ద కబురు.

"జొన్నసంగటి తిని పల్లెలు తిరిగేవాళ్లకు గ్రీకు ఎందుకయ్యా?" అని మొదట్లో ఒకసారి ఎగతాళి చేశాను.

"మీ పిల్లకాయలు సంధులు నేర్చుకోని ఏం చేస్తాండారు పంతులూ? ఈళ్లూ అదే చేస్తారు" అన్నాడు.

ఆ రోజు నుంచి మాకు స్నేహం కుదిరింది. నేను సంధ్యవార్చే బాపణ్ణి, ఆయన తాతల నాడు వేదంలో, అంటే కిరస్తానంలో, కలిసిన ఇంటివాడు. ఇద్దరికీ మాటల పిచ్చి ఒకటే. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దగ్గర వెలిసిన నల్లకోటుతో ఉండేవాడు. కోటు జేబులో ఎప్పుడూ వేయించిన బుడ్డలు, అదే, వేరుశనక్కాయలు. తరగతిలో నల్లబల్ల ఉన్నా దాని జోలికి పోయేవాడు కాడు. వరండాలో నాపరాళ్ల మీద గొంతుక్కూచుని సుద్దముక్కతో రాసేవాడు. శిష్యులూ చుట్టూ గొంతుక్కూచునేవాళ్లు. రాసింది గుడ్డతో తుడవడం ఎన్నడూ చూడలేదు. అరచేత్తోనే తుడిచేవాడు. అందుకని ఆయన కుడి అరచెయ్యి పండగపబ్బాలకు కూడా తెల్లగానే ఉండేది. ఆయన ఎవరి భుజమైనా తట్టితే అయిదు వేళ్లూ అచ్చుపడేవి. నా ఉత్తరీయం మీద ఆ అచ్చు చూసి మా ఆవిడ రోజూ సణిగేది.

సాయంకాలాలు కుందేరు వంతెన దాకా నడిచేవాళ్లం. ఏట్లో నీళ్లు లేకపోయినా వంతెన ఉంది గనక అక్కడిదాకా పోయి తిరిగి రావడం అలవాటు. దారి పొడుగునా మాటలను ఒలుచుకునేవాళ్లం, బుడ్డలతో పాటు. ఆయన్ని పట్టి పీడించిన మాట మాత్రం ఒక్కటే. మెటనోయా.

"మెటా అంటే తర్వాత. మారేదానికి గూడా అదే వాడతారు. దాని వెనకాల ఉండేది మనసు. మనిషికి ముందొక తెలివి ఉంటాది గదా, దాని తర్వాత వచ్చే తెలివి ఇది. ఇది వచ్చిందంటే అటు తిరిగిన మొగం ఇటు తిరుగుతాది" అన్నాడు ఒకసారి.

"ఆ మాత్రం దానికి పశ్చాత్తాపం అనరాదా? పశ్చాత్ అన్నా తర్వాతే కదా."

ఆయన నడుస్తున్నవాడు ఆగిపోయాడు. పశ్చాత్తాపం అని ఎవరన్నా సరే ఆగిపోయేవాడు. ఇంకా తగ్గని ఎండలో గొడుగు మూసేసి దాని కొన నా వైపు చూపించాడు. "అది తాపం పంతులూ. అంటే కాలడం. దీపంలో పడిన పురుగు గూడా కాల్తాది. కాలినంత మాత్రాన దానికి బుద్ధి వచ్చినట్లా? బాధపడేదానికి గ్రీకులో వేరే మాట ఉండాది. దాన్నీ దీన్నీ కలపద్దు."

చర్చి సంఘంలో వాళ్లు ఆ మాటను మారుమనస్సు అంటారు. నేను ఊరుకుంటానా? "మారుతల్లి అంటే సవతి తల్లి. మీది సవతి మనసా?" అన్నాను. బుడ్డగింజ కొరబోయి, కళ్లనీళ్లు వచ్చేదాకా దగ్గాడు, నవ్వాడు. ఆ మాట ఆయనకు ఒప్పుదలే. తెలుగు బైబిల్లో దాని పక్కన 'పొందండి' అనడం మాత్రం గిట్టేది కాదు.

"పొందేదానికి అదేమన్నా బహుమానమా? గ్రీకులో చూస్తే అది పని. ఒకరు ఇస్తే ఇంకొకరు పుచ్చుకునేది కాదు. ఒకరు మార్చేదీ కాదు, తాను మారేది. అదీ ఒక్కతూరి మారి చేతులు కడుక్కుంటే తీరదు, ఆగకుండా జరుగుతా ఉండాల. ఆ రూపంలోనే అట్లుండాది. మీ పుస్తకాల తెలుగులో చెప్పేదానికి చాతగాలే గానీ, మా పాలెం ముసలిదాన్ని అడుగు, టక్కున చెప్తాది. మారుతా ఉండండప్పా!"

ఆ రెండు మాటలూ వంతెన మీద నిలబడి చేతులెత్తి అరిచాడు. కింద ఇసకలో గొర్రెలు తోలుకుపోయేవాడు తలెత్తి, తననే తిడుతున్నారనుకున్నాడో ఏమో, బిరబిరా నడిచాడు. ఆ మాటను ఆయన అంతగా ఎందుకు పట్టుకు వేళ్లాడుతున్నాడో నాకు చాలా రోజులు తెలియలేదు. ఆయన చెప్పలేదు. స్కూల్లో ఇంకొక ఉపాధ్యాయుడు చెప్పాడు.

నేను ఆ ఊరికి రాకముందు జరిగిన సంగతి అది. ఆయనకు ఒక్కడే కొడుకు. భార్య పోతే తల్లీ తండ్రీ తానే అయి పెంచాడు. కొడుకు ఊరి బయట తమవాళ్లుండే పాలెంలో చిన్నబడి నడిపేవాడు. ఒక కోతల కాలంలో ఇద్దరు మోతుబరుల మనుషులు కల్లంలో కట్టెలు తీసుకుని కలబడ్డారు. ఇటూ అటూ ఉన్నవాళ్లంతా పాలెం జీతగాళ్లే. వాళ్లను విడదీద్దామని ఈ పిల్లవాడు నడుమ దూరాడు. ఒకడు ఎవరి మీదికో ఎత్తిన దుడ్డుకట్టె ఇతని తల మీద పడి, అక్కడికక్కడే ప్రాణం పోయింది. కొట్టినవాడు అదే పాలెం వాడు, అదే సంఘం వాడు. పారిపోకుండా పక్కనే కూలబడి, పోలీసులు వచ్చేదాకా ఆ తల ఒళ్లో పెట్టుకుని కూచున్నాడట. అతనికి శిక్ష పడింది. మోతుబరులు ఇద్దరూ ఆ మరుసటేడు వియ్యమందుకున్నారు.

నేను ఆ ఊళ్లో కుదురుకున్న కొన్నాళ్లకు ఆ మనిషి జైలునుంచి విడుదలై వచ్చాడు. వచ్చిన వారమే చర్చికి వెళ్లి గడప ఇవతల, చెప్పులు విడిచే చోట కూచున్నాడు.

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. మిషను దొరలు తెచ్చింది కాదు, పాలెం పెద్దలు పెట్టుకున్నది. తప్పు చేసినవాడు లోపల చాపల మీద కూచోకూడదు, చెప్పుల దగ్గర కూచోవాలి. నెలకొకసారి క్రీస్తు గుర్తుగా రొట్టె పంచే ఆదివారం నాడు తన కుడిచెయ్యి గడప మీదుగా లోపలికి చాపాలి. ఎవరికి తప్పు చేశాడో ఆ మనిషి లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోవాలి. ఆ మనిషి లేకపోతే ఆ ఇంటివాళ్లు. ఇంకెవరు పట్టుకున్నా చెల్లదు, పాస్టరు పట్టుకున్నా చెల్లదు. పట్టుకున్నారా, ఆ తప్పు ఆ పూటతో తీరినట్లే. మళ్లీ ఎవరూ దాన్ని నోట ఎత్తకూడదు. గడప మీద ఉండగా ఎవరైనా చచ్చిపోతే శవాన్ని లోపలికి తేరు. బయట ఎండలోనే ప్రార్థన చేసి తీసుకుపోతారు.

రొట్టె ఆదివారాలు నేను ఎదురుగా వేపచెట్టు కింద బండ మీద కూచుని ఆయన కోసం కాచుకునేవాణ్ణి. అక్కడినుంచి ఆ మనిషి వీపు కనిపించేది, గడప మీదుగా చాపిన చెయ్యి కనిపించేది. లోపల మగవాళ్ల వరసలో గ్రీకయ్య ముఖం కనిపించేది. ఆయన ఆ చేతినే చూస్తూ ఉండేవాడు. రొట్టె పళ్లెం ఆయన దగ్గరికి వచ్చేది. ఆయన తీసుకోకుండా పక్కవాడికి ఇచ్చేవాడు. మనసులో పగ ఉన్నవాడు ఆ రొట్టె ముట్టకూడదట. పళ్లెం తిరిగి బల్ల మీదికి చేరాక ఆ మనిషి చెయ్యి వెనక్కి తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా లేచిపోయేవాడు. మొదటి నెల ఇలాగే జరిగింది. రెండో నెలా ఇంతే.

"ఈ పొద్దు లేద్దామనుకుంటి" అనేవాడు గ్రీకయ్య వంతెన దారిలో. "కాళ్లు లేసినాయి పంతులూ. మనసు లేయలే."

నాకు ఓపిక తక్కువ. "దూడను ముందు నడిపిస్తే ఆవు వెనకాల రాదా? ముందు చెయ్యి పట్టుకోండి, మనసు అదే వస్తుంది."

"రాకపోతే? మనసు తిరక్కుండా చెయ్యి ఇస్తే అది మారుమనస్సు కాదు, మారువేషం. పాపం వానికి గూడా అబద్ధం ఇచ్చినట్లు గదా. ఇన్నేండ్లు ఆ మాటకు అర్థం చెప్పి చెప్పి, ఇప్పుడు నేనే దాన్ని తప్పు రాయాల్నా?"

"అయితే పట్టుకోనని చెప్పేయండి, ఒక గొడవ వదిలిపోతుంది."

"ఎట్ల చెప్పేది? ప్రతి నెలా పట్టుకోవాలనే పోతాండా."

వ్యాకరణం ముదిరితే మనిషి ఇలా తయారవుతాడా అని నాకు ఒళ్లు మండింది. నాకూ అదే తెగులు గనక ఇంకా ఎక్కువ మండింది. ఆయన మాత్రం తన అరచెయ్యి చూసుకుంటూ, "వాడు గనిలో నాపరాళ్లు కొడతాండాడు. వాని చెయ్యి గూడా నా చెయ్యి మాదిరే తెల్లగా ఉండాది. అది సూడలేకపోతాండా" అన్నాడు.

ఏళ్లు గడిచేకొద్దీ రాతిదుమ్ము ఆ మనిషి రొమ్ములో చేరింది. దగ్గుతూ వచ్చేవాడు, దగ్గుతూ కూచునేవాడు. ముందు అతనొక్కడే వచ్చేవాడు. తర్వాత అతని భార్య రెక్క పట్టుకుని తీసుకొచ్చేది. పొట్టిగా, నల్లగా, గట్టిగా ఉండే మనిషి. లోపల ఆడవాళ్ల చాప మీద కూచోవలసింది, తనూ గడప ఇవతలే కూచుని, మొగుడు చాపిన చెయ్యి వాలిపోకుండా మోచెయ్యి కింద తన చెయ్యి ఆనించి పట్టుకునేది. వేపచెట్టు కింద కూచుని నేను అది చూశాను. చూసి, ఇక చాలు, ఇప్పుడైనా లెయ్యవయ్యా మహానుభావా అని పళ్లు కొరుక్కున్నాను. గ్రీకయ్య ఆ చేతినే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. పళ్లెం వచ్చింది, పోయింది.

ఆ ఎండాకాలం ఆ మనిషి చచ్చిపోయాడు. గడప మీది మనిషే గనక శవాన్ని లోపలికి తేలేదు.

రెండు రోజులు గ్రీకయ్య నడకకు రాలేదు. నేనే ఇంటికి వెళ్లాను. వరండాలో నాపరాళ్ల మీద కూచుని ఉన్నాడు. సుద్ద లేదు, పుస్తకం లేదు.

"కబురు చెప్పినారు. చెప్పంగానే నాకు ముందు ఏమొచ్చిందో తెలుసునా పంతులూ? సంతోషం. అమ్మయ్య, ఇంక ఆ చెయ్యి ఉండదు అనుకుంటి. ఏండ్ల తరబడి మనసు తిప్పుకుంటాండానని అనుకుంటి గదా, అది కల్లంలో బిడ్డ శవాన్ని సూసిన పొద్దు యాడుండెనో ఆడనే ఉండాది. ఈసుమంత గూడా కదల్లే."

పక్కన కూచున్నాను. ఊరడించడం నాకు రాదు, వచ్చినా ఆయన ఒప్పుకోడు.

ఆ పై రొట్టె ఆదివారం నల్లకోటు తొడుక్కుని వచ్చి, గడప దాటకుండా చెప్పుల నడుమ కూచున్నాడు. కుడిచెయ్యి లోపలికి చాపాడు. సంఘమంతా గగ్గోలు పడింది. పాస్టరు ఆయన శిష్యుడే. పరుగున వచ్చి, "అయ్యగారూ, లేయండి, ఇదేం పని?" అని బతిమాలాడు. "నా తప్పు నాదప్పా. నువ్వు పోయి పాట మొదలుపెట్టు" అన్నాడు గ్రీకయ్య. ఆ చెయ్యి పట్టుకోవలసినవాడు మట్టిలో ఉన్నాడు. కట్టుబాటు ప్రకారం ఇక పట్టుకోగలిగింది అతని భార్య ఒక్కతే. ఆమె లోపల ఆడవాళ్ల చాప మీద, ముసుగు సర్దుకుని, ఎదురుగా గోడను చూస్తూ కూచుంది. పళ్లెం వచ్చింది, పోయింది.

అలా ఏళ్లు గడిచాయి. ఆయన జుట్టు సుద్దరంగుకు తిరిగింది. మేం నడవడం మానలేదు, మాటలు మాత్రం తగ్గాయి. ఒకరోజు ఉండబట్టలేక నేనే పాలెం వెళ్లాను. ఆమె గుడిసె ముందు చేటలో కొర్రలు చెరుగుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఈ ఎండలో వస్తిరి సామీ. కూచోమనేదానికి గూడా తావు లేదు."

"కూచోవడానికి రాలేదమ్మా. గ్రీకయ్య సంగతి. ముసలివాడైపోయాడు. నువ్వు ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకుంటే ఆయన బతుకు ఒడ్డున పడుతుంది."

ఆమె చేట కింద పెట్టింది. గొంతు పెంచలేదు. "సచ్చేముందర నా మొగుని చెయ్యి ఎంత బరువుండెనో నాకు తెలుసు సామీ. నేను మోస్తి గదా. కొడుకును చంపినోని చెయ్యి పట్టుకోమని నేను ఏపొద్దూ అడగలే. అడిగేదానికి నాకు నోరు యాడిది? పట్టుకోనుపో అని ఆయప్ప ఒక్క మాట చెప్పింటే, నా మొగుడూ నేనూ రాయచోటి పక్కకో బద్వేలు పక్కకో పోయి కూలి చేసుకోని బతికేవాళ్లం. గనిలో ఈ దగ్గు తెచ్చుకోకుండా పోయేవాడు. చెప్పలే. ప్రతి నెలా సూస్తా కూచునె. ఈ నెల పట్టుకుంటాడేమో, పై నెల పట్టుకుంటాడేమో అని వీడు ఈ ఊరిడిసి రాకపాయె."

"ఆయన కావాలని చేయలేదమ్మా. మనసు మారాలని కనిపెట్టుకుని కూచున్నాడు."

"నేనూ కూచుంటాండాలే సామీ" అని చేట అందుకుంది.

ఆ సాయంత్రం వంతెన మీద ఆమె అన్నదంతా ఆయనకు అప్పజెప్పాను. దాచడం నాకు చేతకాదు.

"అదీ మాట" అన్నాడు. "నేను వానికి అబద్ధం ఇయ్యకూడదనుకుంటి. ఆశ ఇచ్చినా. అబద్ధమే నయం." మళ్లీ కాసేపటికి, "ఆగకుండా జరగాల్సిన పని అని అందరికీ చెప్తి గదా. ఆగకుండానే చేస్తిని పంతులూ. ఏం కాలే" అన్నాడు. జేబులోంచి బుడ్డలు తీసి నా చేతిలో పోశాడు. తాను తినలేదు.

ఇంకో ఎండాకాలంలో జ్వరం తగిలి మంచమెక్కాడు, మళ్లీ దిగలేదు. చివరి రోజుల్లో నేను చెయ్యి పట్టుకుంటే సుద్ద లేదు. ఆ అరచేతి గీతలు నేను చూడటం అదే మొదలు.

పెట్టెను ఉపదేశులు మోసుకొచ్చి చర్చి ముందు ఎండలో బల్ల మీద దించారు. గడప మీది మనిషే గనక అంతకు మించి తేవడానికి వీల్లేదు. లోపల జనం నిండిపోయారు. గుమ్మం ముందు చెప్పులు గుట్టపడ్డాయి. ఎన్నేళ్లుగానో వేపచెట్టు దగ్గరే ఆగిపోయిన నేను ఆ రోజు మెట్ల దాకా వచ్చి, నా చెప్పులూ ఆ గుట్టలోనే విడిచి, పెట్టె పక్కన నిలబడ్డాను. పాస్టరు బయటికి వచ్చి పుస్తకం తెరిచాడు.

లోపల ఆడవాళ్ల వరసలోంచి ఆమె లేచింది. గడప దాకా వచ్చింది. పెట్టె వైపు చూడలేదు, మా ఎవరి వైపూ చూడలేదు. వంగి ఆ చెప్పుల గుట్టను రెండు చేతులా ఇటూ అటూ తోసింది. ఒక్కొక్క జతా తీసి గోడ వారకు విసిరింది. ఒక మనిషి పట్టేంత, ఆ పైన ఒక పెట్టె పట్టేంత బాట అయ్యేదాకా తోస్తూనే ఉంది.

"తీసుకరాండప్పా లోపలికి" అంది.

పాస్టరు పుస్తకం మూసి, "అమ్మా, నీ మనసు..." అన్నాడు.

"నా మనసు జోలి నీకేమిటికప్పా? అది అట్లే ఉండాది. నేనేం మారలే. దోవ ఇస్తాండా, అంతే. ఎండ శానా ఉండాది, తీసుకరాండి."

పెట్టె గడప దాటింది. దాని వెనకాల నేనూ దాటాను. ఆమె గుమ్మం పక్కనే, చెప్పుల మధ్య, చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

అంతా అయ్యాక నా చెప్పులు ఎంత వెతికినా దొరకలేదు. కాలే నాపరాళ్ల మీద ఉత్తకాళ్లతో ఇంటికి నడిచాను. దారిలో నోటిదాకా ఒక ప్రశ్న వచ్చి, అలవాటు కొద్దీ పక్కకు తిరిగాను. ఆమె చేసినదానికి గ్రీకులో ఏదైనా మాట ఉందా అని. అడగడానికి ఆయన లేడు.